టెంప్లేటులో రాసింది ఒకటి, క్లౌడ్‌లో ఉన్నది ఇంకొకటి

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్న రైతుకు రాత్రిపూట పెద్ద టెన్షన్ నీళ్లలో ఆక్సిజన్. పగటి ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే కిందికి పోతోందంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాల్సిందే. ఆలస్యమైతే రొయ్య తేలిపోతుంది. నెలల తరబడి మేతకు, కరెంటుకు పెట్టిన డబ్బు ఒక్క రాత్రిలో పోతుంది.

గుంటలో సెన్సర్ పెట్టి, రీడింగులను మొబైల్ నెట్‌వర్క్ మీద క్లౌడ్‌లోని సర్వర్‌కు పంపించి, ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్ మోగించే చిన్న కంపెనీ ఒకటి నెల్లూరులో ఉందనుకుందాం. నలుగురైదుగురు ఇంజినీర్లు, వందల గుంటలు. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ కోడ్ అనే పద్ధతిని ఈ ఊహా కంపెనీ పనిలో పెట్టి వివరిస్తాను. సర్వర్ ఒక గంట ఆగితే నష్టం ఎవరికి, ఎంత అన్నది ఇక్కడ తేలిగ్గా అర్థమవుతుంది.

చేత్తో కట్టిన క్లౌడ్

ఇలాంటి కంపెనీలు మొదలయ్యే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. అమెజాన్ క్లౌడ్‌లో అకౌంట్ తెరుస్తారు. సర్వర్లు ఏ ప్రాంతంలో ఉండాలో చెప్పే రీజియన్లలో, 2016లో వచ్చిన ముంబై రీజియన్‌నో, 2022 నవంబరులో వచ్చిన హైదరాబాద్ రీజియన్‌నో ఎంచుకుంటారు. బ్రౌజర్‌లో కన్సోల్ తెరిచి ఒక్కొక్కటీ క్లిక్ చేసుకుంటూ పోతారు. ముందు ఒక ప్రైవేట్ నెట్‌వర్క్, అందులో సబ్‌నెట్లు అనే చిన్న భాగాలు, ఏ పోర్టుకు (సర్వర్‌లోకి వెళ్లే దారికి) ఎవరు రావచ్చో చెప్పే సెక్యూరిటీ గ్రూపులు, రీడింగులు అందుకునే సర్వర్లు, వాటి ముందు పనిని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, పాత రీడింగులు దాచే బకెట్, ఏ సర్వర్ దేన్ని తాకొచ్చో నిర్ణయించే పర్మిషన్లు, చివర్లో అలారాలు. కొద్ది రోజుల్లో అంతా సిద్ధమవుతుంది. పని కూడా చేస్తుంది.

చిక్కు తర్వాత వస్తుంది. అన్నీ క్లిక్ చేసిన అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. ఈలోపు ప్రకాశం జిల్లాలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రైతులు తమకూ కావాలంటారు. వాళ్ల కోసం ఇలాంటిదే ఇంకో సెటప్ విడిగా కట్టాలి. పాతదాన్ని చూసి కడదామంటే ఫలానా పోర్టు ఎందుకు తెరిచి ఉందో చెప్పేవాళ్లు లేరు. మూసేద్దామంటే ఏ సెన్సర్ ఆగిపోతుందోనని భయం. చూసి చూసి కట్టినా కొత్త సెటప్‌లో ఎక్కడో ఒక టిక్ మార్కు తప్పిపోతుంది. అది బ్యాకప్‌కు సంబంధించిన టిక్ మార్కు అయితే ఆ సంగతి డేటా పోయిన రోజున గానీ బయటపడదు.

ఆ క్లిక్కులన్నిటి ఫలితాన్ని ఒక ఫైలులో రాసిపెట్టి, దాన్ని చదివి క్లౌడ్‌ను సిద్ధం చేసే పనిని ఒక టూల్‌కు అప్పగించడమే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ కోడ్. ఆ ఫైలు పేరు టెంప్లేట్. అది మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంటుంది కాబట్టి ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలుస్తుంది. ప్రకాశం సెటప్ కావాలంటే అదే టెంప్లేటుకు వేరే విలువలిచ్చి నడిపితే సరిపోతుంది.

ఇంతవరకు ఏ ట్యుటోరియల్ చూసినా తెలిసేదే. చాలామంది ఇక్కడే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలతో మాట్లాడితే, "అన్నా, టెంప్లేట్ రన్ చేశా, ఎర్రర్ ఏం రాలా" అని సంతోషంగా చెబుతారు. ఖాళీ అకౌంటులో మొదటిసారి రన్ చేయడం సులువే. రైతుల డేటా నిండిపోయిన సెటప్ మీద పదోసారి రన్ చేసేటప్పుడు ఏం జరుగుతుందో ముందే చెప్పగలగాలి. ఈ విద్యలో కష్టమంతా అక్కడే ఉంది.

ఎలా ఉండాలో రాయడం

మామూలు స్క్రిప్టులో పనుల్ని వరసగా రాస్తాం. రెండు సర్వర్లు తయారుచెయ్యి అని రాసి రెండుసార్లు నడిపితే నాలుగు సర్వర్లు తయారవుతాయి. టెంప్లేటులో రెండు సర్వర్లు ఉండాలి అని రాస్తాం. ఒక్కటీ లేకపోతే టూల్ రెండింటినీ తయారుచేస్తుంది, రెండూ ఉంటే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు. ఎవరైనా కన్సోల్‌లోకి వెళ్లి మూడో సర్వర్‌ను చేత్తో పెట్టి ఉంటే? టూల్ దాన్ని పట్టించుకోదు. తాను తయారుచేసినవే దానికి తెలుసు. ఈ ఒక్క మాట గుర్తుంటే ముందు ముందు చెప్పబోయే సగం తిప్పలు వాటంతటవే అర్థమవుతాయి.

ఈ ఆలోచన క్లౌడ్‌తో పుట్టింది కాదు. 1993లో మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్ తయారుచేసినప్పుడే ఉంది. 2005లో పప్పెట్, 2009లో షెఫ్ వచ్చాయి. అవన్నీ అప్పటికే ఉన్న సర్వర్ లోపల ఏం ఉండాలో చూసుకునేవి. క్లౌడ్ వచ్చాక సర్వర్‌నే, నెట్‌వర్క్‌నే ఫైలులో రాసే వీలొచ్చింది. ఆ పనికోసం అమెజాన్ 2011లో క్లౌడ్‌ఫార్మేషన్ అనే టూల్‌ను, హ్యాషికార్ప్ అనే కంపెనీ 2014లో టెర్రాఫామ్ అనే టూల్‌ను విడుదల చేశాయి.

క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేటులో తప్పనిసరిగా ఉండాల్సిన భాగం ఒక్కటే, రిసోర్సెస్. ఏమేం కావాలో అందులో రాస్తాం. పారామీటర్స్ అనే భాగంలో సెటప్‌ను బట్టి మారే విలువలు ఉంటాయి, నెల్లూరుకు పెద్ద సర్వర్, కొత్తగా మొదలవుతున్న ప్రకాశానికి చిన్నది అన్నట్టు. మ్యాపింగ్స్‌లో రీజియన్‌ను బట్టి మారేవి పెడతారు. ఉదాహరణకు సర్వర్ ఏ ఇమేజ్ నుంచి పుట్టాలో చెప్పే ఐడీ ముంబైలో ఒకటి, హైదరాబాద్‌లో ఇంకొకటి. ముంబై ఐడీని నేరుగా రాసేసిన టెంప్లేట్ హైదరాబాద్‌లో నడవదు. అవుట్‌పుట్స్ భాగం లోడ్ బ్యాలెన్సర్ అడ్రసు లాంటివి బయటికి చెబుతుంది.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది మనం రాయనక్కర్లేదు. సర్వర్ ఫలానా సబ్‌నెట్‌లో ఉండాలని రాస్తే సబ్‌నెట్ ముందు కావాలని టూల్ గ్రహిస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిని ఒకేసారి తయారుచేస్తుంది. టెర్రాఫామ్ మామూలుగా పదింటిని ఒకేసారి నడుపుతుంది. రెండు సెక్యూరిటీ గ్రూపులు ఒకదాని పేరు ఒకటి చెప్పుకుంటే మాత్రం ఏది ముందో తేలక ఆగిపోతుంది. అప్పుడు గ్రూపుల్ని ఖాళీగా తయారుచేసి, రూల్స్‌ను విడి వస్తువులుగా రాయాలి.

మూడు చోట్ల మూడు నిజాలు

పొలం విషయంలో మనకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటుంది. అడంగల్‌లో ఒక పేరుంటుంది, గట్టు మీద నిలబడి చూస్తే సాగు చేసేది ఇంకొకరు. ఆఫీసులో పని జరిగేది మాత్రం అడంగల్‌ను బట్టే. టెంప్లేట్ టూల్‌కు కూడా ఇలాంటి రికార్డు ఒకటుంది. దాన్ని స్టేట్ అంటారు. టెంప్లేటులో మనం కావాలని రాసుకున్నది ఒకటి. తాను ఏమేం తయారుచేశానో టూల్ గుర్తుంచుకున్న స్టేట్ రెండోది. క్లౌడ్‌లో ఈ క్షణాన నిజంగా ఉన్నది మూడోది. ఈ మూడూ ఒకేలా ఉన్నంతకాలం అంతా హాయి. ఈ పనిలో నేను చూసిన పెద్ద గొడవలన్నీ ఈ మూడిట్లో ఏవో రెండు విడిపోయినప్పుడు వచ్చినవే.

క్లౌడ్‌ఫార్మేషన్ వాడితే ఆ రికార్డును అమెజానే తన దగ్గర ఉంచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో ఇలాంటి టూల్ బైసెప్. దానికి విడిగా స్టేట్ ఫైలే లేదు, నేరుగా క్లౌడ్‌నే అడుగుతుంది. అందువల్ల ఇంకో సంగతి వచ్చింది. టెంప్లేట్ నుంచి ఒక సర్వర్‌ను తీసేసినా మామూలు పద్ధతిలో అది క్లౌడ్‌లో అలాగే ఉంటుంది, బిల్లు కూడా వస్తూనే ఉంటుంది. టెర్రాఫామ్‌లో స్టేట్ ఒక ఫైలు. మనం వేరే చెప్పకపోతే అది నడిపినవాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ పోతే టూల్‌కు ఏదీ గుర్తుండదు. టెంప్లేట్ మళ్లీ నడిపితే అన్నీ కొత్తగా తయారుచేయబోతుంది. కొన్ని పేర్లు ఇప్పటికే ఉన్నాయని క్లౌడ్ అడ్డుకుంటుంది, మిగతావి రెండేసి తయారవుతాయి.

అందుకే టీమ్‌గా పనిచేసేవాళ్లు స్టేట్ ఫైలును ఒక బకెట్‌లో పెట్టి, పాత వెర్షన్లు పోకుండా సెట్ చేసి, తాళం వేసే ఏర్పాటు చేసుకోవాలి. ఒకరు మార్పులు చేస్తుండగా ఇంకొకరు మొదలుపెట్టకుండా ఆపడానికే ఆ తాళం. చాలాకాలం దీనికోసం అమెజాన్‌లో విడిగా ఒక డైనమోడీబీ టేబుల్ పెట్టుకోవాల్సి వచ్చేది. 2024 నవంబరులో వచ్చిన టెర్రాఫామ్ 1.10 వెర్షన్ నుంచి బకెట్‌లోనే తాళం వేసుకునే వీలు మొదలైంది.

ఇంకో ముఖ్యమైన విషయం. టెర్రాఫామ్ తయారుచేసిన డేటాబేస్ పాస్‌వర్డును టెంప్లేట్ ద్వారా ఇస్తే అది మామూలుగా స్టేట్ ఫైలులో దాపరికం లేకుండా అక్షరాలా ఉంటుంది. టెంప్లేటులో దాన్ని రహస్యం అని గుర్తుపెట్టినా తెరమీద కనిపించకుండా పోతుందంతే, ఫైలులో ఉండేది ఉంటుంది. స్టేట్ ఫైలును గిట్‌లోకి ఎక్కించిన ప్రాజెక్టులు కాలేజీ స్థాయిలో చాలా కనబడతాయి. దయచేసి అలా చేయకండి. పాస్‌వర్డులను సీక్రెట్స్ మేనేజర్ లాంటి చోట పెట్టి, టెంప్లేటులో దాని చిరునామా మాత్రమే ఇవ్వండి.

ప్లాన్ చదవడం

మార్పు చేసేముందు టూల్ ఏం చేయబోతోందో చూపిస్తుంది. టెర్రాఫామ్‌లో అది ప్లాన్, క్లౌడ్‌ఫార్మేషన్‌లో చేంజ్ సెట్. నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే విలువైన నైపుణ్యం టెంప్లేట్ రాయడం కంటే ప్లాన్ చదవడం. టెంప్లేటును ఈ రోజుల్లో చాట్‌బాట్ కూడా రాసిపెడుతుంది. ప్లాన్ చదివి, ఆగు, ఇది రైతుల డేటాను తుడిచేస్తుంది అని పట్టుకోవాల్సింది మనిషే.

మార్పుల్లో మూడు రకాలుంటాయి. కొన్ని చడీచప్పుడు లేకుండా అయిపోతాయి, డేటాబేస్‌కు డిస్కు పెంచడం లాంటివి. కొన్నిటికి కొద్దిసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, సర్వర్ సైజు మార్చడం అలాంటిది. మూడో రకం ప్రమాదకరం. ఉన్నదాన్ని మార్చడం కుదరదు కాబట్టి దాన్ని తీసేసి కొత్తది పెడతారు. క్లౌడ్‌ఫార్మేషన్ కొత్తదాన్ని ముందు తయారుచేసి తర్వాత పాతదాన్ని తీసేస్తుంది. టెర్రాఫామ్ మనం వేరే చెప్పకపోతే పాతదాన్ని ముందు తీసేస్తుంది.

మన ఊహా కంపెనీలో ఒకరికి మంచి ఆలోచనే వచ్చింది. రైతుల డేటా ఉన్న డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేని రూపంలో దాచడం) లేదు, పెడదాం అనుకున్నారు. టెంప్లేటులో ఒక్క లైను, లేదు అన్న చోట అవును అని మార్చారు. అమెజాన్‌లో ఇప్పటికే నడుస్తున్న డేటాబేస్‌కు ఆ గుణాన్ని నేరుగా మార్చలేం. కాబట్టి ఆ ఒక్క లైనుకు ప్లాన్‌లో వచ్చే అర్థం, ఈ డేటాబేస్‌ను తీసేసి కొత్త ఖాళీ డేటాబేస్ పెట్టడం. టెర్రాఫామ్ ఆ వరసలో మైనస్, ప్లస్ గుర్తులు రెండూ కలిపి చూపిస్తుంది, దేనివల్ల అలా చేయాల్సి వస్తోందో కూడా పక్కనే రాస్తుంది. క్లౌడ్‌ఫార్మేషన్ రీప్లేస్‌మెంట్ అన్న కాలమ్‌లో ట్రూ అని చూపిస్తుంది. ముప్పై మార్పుల మధ్యలో ఉన్న ఆ ఒక్క మాటను దాటేసి అప్లై (అమలు చెయ్యి) నొక్కితే ఎర్రర్ రాకపోవచ్చు. టూల్ దృష్టిలో పని చక్కగా పూర్తయింది.

దీనికి సరైన దారి వేరే ఉంది. డేటాబేస్ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదాని నకలు) తీసి, దాన్ని ఎన్‌క్రిప్షన్‌తో కాపీ చేసి, ఆ కాపీ నుంచి కొత్త డేటాబేస్ లేపి, రాకపోకల్ని అటు మళ్లించాలి. మేత వేళలు, ఆక్సిజన్ పడిపోయే వేళలు చూసుకుని పట్టపగలు చేసే పని ఇది.

అడ్డుగోడలూ ఉన్నాయి. క్లౌడ్‌ఫార్మేషన్‌లో ఒక టెంప్లేటుతో తయారైన వస్తువులన్నిటినీ కలిపి స్టాక్ అంటారు. డిలీషన్ పాలసీ పెడితే స్టాక్ చెరిపేసినా డేటాబేస్ మిగులుతుంది, లేదా స్నాప్‌షాట్ మిగులుతుంది. అయితే అది చెరిపేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది. పైన చెప్పినట్టు మార్పు వల్ల కొత్తది పెట్టాల్సి వస్తే అప్‌డేట్ రీప్లేస్ పాలసీ అని ఇంకోటి విడిగా రాయాలి. చాలా టెంప్లేట్లలో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. టెర్రాఫామ్‌లో చెరపడాన్ని ఆపే ప్రివెంట్ డెస్ట్రాయ్ ఉంది, అది కూడా పూర్తి రక్షణ ఇవ్వదు. ఆ డేటాబేస్ రాసిన భాగాన్నే టెంప్లేట్ నుంచి తీసేస్తే దానితోపాటు ఈ అడ్డుగోడా పోతుంది. అందుకని క్లౌడ్ వైపు డేటాబేస్‌కే ఉండే డిలీషన్ ప్రొటెక్షన్‌ను కూడా ఆన్ చేసి ఉంచాలి. రెండు గడియలు వేసినంత మాత్రాన పని ఆలస్యం కాదు.

ప్లాన్‌లో తరచుగా ఎదురయ్యే ఇంకో చిక్కు లిస్టుల వల్ల వస్తుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు అని లిస్టు రాసి, ఒక్కో మండలానికీ ఆ పేరుతో ఒక బకెట్ తయారుచేయమన్నామనుకోండి. టెర్రాఫామ్‌లో కౌంట్ అనే పద్ధతి వాడితే అది వాటిని పేర్లతో గుర్తుపెట్టుకోదు. సున్నా, ఒకటి, రెండు అని వరస నంబర్లతో గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పుడు ఇందుకూరుపేటను లిస్టు నుంచి తీసేస్తే ముత్తుకూరు సున్నా స్థానానికి, విడవలూరు ఒకటో స్థానానికి జరుగుతాయి. సున్నా నంబరు బకెట్ పేరు మారింది, ఒకటో నంబరు బకెట్ పేరూ మారింది, రెండో నంబరుది లేకుండా పోయింది అని టూల్ లెక్క వేస్తుంది. బకెట్ పేరు మార్చడం కుదరదు కాబట్టి మూడు బకెట్లనూ తీసేయడానికి సిద్ధమవుతుంది. మనం తీసేయమన్నది ఒక్కటే. ఖాళీగా లేని బకెట్‌ను చెరపనని క్లౌడ్ మొరాయించడం వల్ల చాలాసార్లు బతికిపోతాం. దాని బదులు ఫర్ ఈచ్ అనే పద్ధతి వాడితే ఒక్కోదాన్నీ దాని పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది, ఒకటి తీసేస్తే ఒకటే పోతుంది. మండలాలు, కస్టమర్లు, గుంటలు అంటూ పెరుగుతూ తరుగుతూ ఉండే దేనికైనా ఫర్ ఈచ్ వాడటమే మంచిది.

టెంప్లేట్ లోపల ఒకదాని పేరు మార్చినా ఇదే తంతు. పాత పేరుది పోయింది, కొత్త పేరుది కావాలి అని అర్థం చేసుకుంటుంది. టెర్రాఫామ్ 1.1 వెర్షన్ నుంచి మూవ్డ్ అనే బ్లాకుతో, ఇది అదే, పేరు మాత్రమే మారింది అని చెప్పొచ్చు.

తుఫాను రాత్రి చేసిన మార్పు

నవంబరు, డిసెంబరు వచ్చిందంటే మన తీరానికి తుఫాను భయం. సర్వర్లు హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్నాయి కాబట్టి ఇక్కడి గాలివానకు అవి ఆగవు. ఆగేవి సెల్ టవర్లు. కరెంటు పోయి టవర్లు ఆగి, మళ్లీ ఒక్కసారిగా వస్తే వందల సెన్సర్లు దాచుకున్న రీడింగులన్నీ ఒకేసారి పంపుతాయి. సర్వర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజినీర్ కన్సోల్‌లోకి వెళ్లి సర్వర్ సైజు పెంచుతుంది. ఆమె చేసింది సరైన పనే. రైతుల ఫోన్లు మోగాలి, టెంప్లేట్ సంగతి తెల్లారాక చూసుకోవచ్చు.

తెల్లారాక ఎవరూ చూసుకోకపోతేనే ఇబ్బంది. కొద్దిరోజుల తర్వాత ఇంకొకరు ఏదో అలారం మార్చడానికి టెంప్లేట్ నడుపుతారు. టెర్రాఫామ్ ప్లాన్ వేసేముందు క్లౌడ్‌ను చూసి స్టేట్‌ను సరిచేసుకుంటుంది. సర్వర్ పెద్దదిగా ఉందని, టెంప్లేటులో చిన్నదని రాసి ఉందని దానికి కనబడుతుంది. కాబట్టి అలారం మార్పుతోపాటు సర్వర్‌ను ఆపి, చిన్నది చేసి, మళ్లీ మొదలుపెడతానని ప్లాన్‌లో చెబుతుంది. చదివినవాళ్లు పట్టుకుంటారు. క్లౌడ్‌ఫార్మేషన్ తీరు వేరు. అది మామూలుగా కొత్త టెంప్లేటును గతంలో ఇచ్చిన టెంప్లేటుతో పోల్చుకుంటుంది. సర్వర్ సైజు లైను రెండిట్లోనూ ఒకటే కాబట్టి దాని జోలికి పోదు. కన్సోల్‌లో చేసిన మార్పు అలాగే నెలలపాటు దాగి ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఆ లైను తాకినప్పుడు బయటపడుతుంది. టెంప్లేటుకూ క్లౌడ్‌కూ మధ్య తేడాలు వెతికే డ్రిఫ్ట్ డిటెక్షన్ అందులో 2018 నుంచి ఉంది, కానీ దాన్ని మనమే నడపాలి. వారానికోసారి దానంతటదే నడిచేలా పెట్టుకుంటే మేలు.

సెక్యూరిటీ గ్రూపుల్లో ఇంకో మెలిక ఉంది. టెర్రాఫామ్‌లో రూల్స్ అన్నీ గ్రూపు లోపలే రాస్తే, కన్సోల్‌లో చేర్చిన కొత్త రూల్ దానికి పరాయిదిగా కనిపించి తీసేస్తుంది. రూల్స్‌ను విడి వస్తువులుగా రాస్తే కన్సోల్‌లో చేర్చినది దాని కంటికే పడదు. డేటాబేస్ పోర్టు 5432ను ఎవరో ప్రపంచమంతటికీ తెరిచిపెట్టినా టెంప్లేట్ ఏమీ అనదు.

కన్సోల్‌లో చేయి పెట్టకూడదని రూలు పెట్టే టీములున్నాయి. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. అర్ధరాత్రి మనిషి చేతులు కట్టేస్తే నష్టపోయేది రైతు. కన్సోల్‌లో ఏ మార్పు చేసినా మర్నాడు టెంప్లేటులోకి ఎక్కించాలన్న రూలు పెట్టి దాన్ని గట్టిగా పాటించడం మంచిది.

మధ్యలో ఆగిపోతే

క్లౌడ్‌ఫార్మేషన్ మధ్యలో ఎర్రర్ వస్తే అంతకుముందున్న స్థితికి వెనక్కి వెళ్లడానికి ప్రయత్నిస్తుంది. వినడానికి బాగుంటుంది, చాలాసార్లు పనిచేస్తుంది. వెనక్కి వెళ్లడం కూడా విఫలమైతే స్టాక్ ఇరుక్కుపోతుంది. ఎక్కడ ఆగిందో చూసి, దాన్ని చేత్తో సరిచేసి, మళ్లీ వెనక్కి వెళ్లమనాలి. టెర్రాఫామ్ వెనక్కి వెళ్లదు. అయినంతవరకు అయింది, మిగతాది లేదు. తప్పు దిద్ది మళ్లీ నడిపితే మిగిలినవే చేస్తుంది. ఏ పద్ధతిలోనైనా పాత టెంప్లేటుకు వెళ్లినంత మాత్రాన డేటా వెనక్కి రాదు. టెంప్లేట్ కట్టడాన్ని తిరిగి తెస్తుంది, అందులో ఉన్న రీడింగుల్ని బ్యాకప్ ఒక్కటే తిరిగి తెస్తుంది. ముంబైలో సమస్య వస్తే హైదరాబాద్‌లో టెంప్లేట్ నడిపేస్తాం అని ధీమాగా చెప్పేవాళ్లు డేటాబేస్ స్నాప్‌షాట్లు హైదరాబాద్‌కు కాపీ అవుతున్నాయో లేదో ముందు చూసుకోవాలి.

అన్నీ ఒకే స్టాక్‌లో కుక్కకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక క్లౌడ్‌ఫార్మేషన్ స్టాక్‌లో 500 వస్తువుల దాకా పెట్టొచ్చు, పెట్టాలని లేదు. నెట్‌వర్క్ ఏడాదికోసారి మారుతుంది, డేటాబేస్ ఎప్పుడో మారుతుంది, అప్లికేషన్ సర్వర్లు వారంవారం మారతాయి. మూడింటినీ మూడు స్టాకులు చేస్తే వారంవారం చేసే మార్పుల్లో పొరపాటు దొర్లినా డేటాబేస్ దాకా పోదు. 2017 ఫిబ్రవరి 28న బకెట్లను నడిపే అమెజాన్ ఎస్3 సేవ అమెరికాలోని నార్త్ వర్జీనియాలో కొన్ని గంటలు ఆగిపోయింది. అనుమతి ఉన్న ఉద్యోగి ఒకరు ఇచ్చిన కమాండులో ఒక విలువ తప్పు పడి, అనుకున్న దానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోవడమే కారణమని అమెజానే చెప్పింది. తర్వాత ఆ టూల్ నెమ్మదిగా తొలగించేలా, కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వకుండా మార్చారు. అంత పెద్ద సంస్థ నేర్చుకున్న పాఠాన్ని మన చిన్న టీములు స్టాకులు విడగొట్టడంతో మొదలుపెట్టొచ్చు.

ఏ టూల్ ఎంచుకోవాలి

ఒకే టెర్రాఫామ్ టెంప్లేట్ అన్ని క్లౌడుల్లోనూ నడుస్తుందన్న మాట చాలా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. భాష ఒకటే, టూల్ ఒకటే. కానీ అమెజాన్ సర్వర్‌కు రాసింది అజూర్‌లో నడవదు, అజూర్ కోసం మళ్లీ రాయాలి.

అమెజాన్ ఒక్కదాన్నే వాడే నెల్లూరు చిన్న కంపెనీకి నేను క్లౌడ్‌ఫార్మేషనే చెబుతాను. స్టేట్‌ను కాపాడుకునే బాధ తప్పుతుంది. పైథాన్‌లో రాయాలనుంటే అమెజాన్‌దే సీడీకే అనే టూల్ ఉంది, అది చివరికి క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేటే తయారుచేస్తుంది. ఉద్యోగాల కోసం నేర్చుకునే విద్యార్థికైతే టెర్రాఫామ్ చెబుతాను, ఎక్కువ కంపెనీల్లో అదే ఎదురవుతుంది. 2023 ఆగస్టులో హ్యాషికార్ప్ దాని లైసెన్సును మార్చి పోటీ సేవలు అమ్మేవాళ్లపై ఆంక్షలు పెట్టింది. దాంతో లైనక్స్ ఫౌండేషన్ కింద టెర్రాఫామ్ నుంచి ఓపెన్‌టోఫు అనే శాఖ పుట్టి, 2024 జనవరిలో 1.6 వెర్షన్‌తో బయటికొచ్చింది. హ్యాషికార్ప్‌ను ఐబీఎం కొనడం 2025 ఫిబ్రవరిలో పూర్తయింది. టెర్రాఫామ్, ఓపెన్‌టోఫు రెండింటి భాషా దాదాపు ఒకటే కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చినట్టే.

ఇంట్లో వాళ్ల కార్డు పెట్టి అకౌంట్ తెరిచి నేర్చుకునే పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. లోడ్ బ్యాలెన్సర్, ప్రైవేట్ నెట్‌వర్క్ నుంచి ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే నాట్ గేట్‌వే లాంటివి ఎవరూ వాడకపోయినా గంటలెక్కన బిల్లు వేస్తాయి. టెంప్లేటుతో కట్టడంలో మంచి సౌకర్యం ఏమిటంటే స్టాక్ చెరిపేస్తే అది తయారుచేసినవన్నీ పోతాయి. అయితే బకెట్ ఖాళీగా లేకపోతే చెరిపే పని అక్కడే ఆగుతుంది, ఉంచమని పాలసీ పెట్టినవి ఉండిపోతాయి. చెరిపేశాం అనుకుని కన్సోల్ మూసేయకుండా, పూర్తయిందన్న మాట వచ్చేదాకా చూడాలి.

ఇప్పటికే చేత్తో కట్టిన సెటప్ ఉంటే

అన్నీ పడగొట్టి మళ్లీ కట్టనక్కర్లేదు. ఉన్నవాటిని టెంప్లేటులోకి చేర్చుకునే ఏర్పాటు క్లౌడ్‌ఫార్మేషన్‌లో 2019 నుంచి ఉంది. టెర్రాఫామ్‌లో 2023లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి ఇంపోర్ట్ బ్లాకు రాసి, దానికి సరిపోయే కోడ్‌ను టూల్‌తోనే రాయించుకోవచ్చు. అలా వచ్చిన కోడ్ గజిబిజిగా ఉంటుంది, శుభ్రం చేసుకోవాలి.

మొదట అలారాలతో మొదలుపెట్టండి, పొరపాటు జరిగినా మళ్లీ పెట్టుకోవచ్చు. తర్వాత సెక్యూరిటీ గ్రూపులు. ఒక్కో పోర్టు ఎందుకు తెరిచి ఉందో వెతికి పక్కనే కామెంట్ రాస్తూ పోండి. ఎవరికీ తెలియని పోర్టుంటే ట్రాఫిక్ లాగ్ చూసి తేల్చండి. ఆ తర్వాత సర్వర్లు, నెట్‌వర్క్. డేటాబేస్‌ను ఆఖరికి ఉంచి, చేర్చేముందు స్నాప్‌షాట్ తీసి డిలీషన్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. చేర్చాక టెర్రాఫామ్‌లోనైతే ప్లాన్ వేసి చూడండి, క్లౌడ్‌ఫార్మేషన్‌లోనైతే డ్రిఫ్ట్ డిటెక్షన్ నడపండి. డేటాబేస్ వరసలో ఒక్క తేడా కనిపించినా క్లౌడ్‌లో ఉన్నదాన్ని చూసి టెంప్లేటును దిద్దండి. తేడాలేవీ లేవని వచ్చేదాకా అప్లై నొక్కొద్దు.